ఎరుపు తరవాత ఆకుపచ్చ

బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి డిటెక్టివ్ పైడితల్లి చెరకు పరిశోధన కేంద్రం వరండా ఎక్కేసరికి, తలుపు దగ్గర ఉదయ్‌కుమార్ చేతిగడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"పన్నెండింటికి నా రిపోర్టు పోలీసులకి ఇచ్చేస్తున్నాను. మీకు మూడు గంటలు కూడా లేవు," అన్నాడు.

"రెండు గంటల యాభై నిమిషాలు ఉంది. సరిపోద్ది," అంది పైడితల్లి చెప్పులు విడుస్తూ.

ఉదయ్‌కుమార్ ఈ కేంద్రాన్ని నడిపే కంపెనీ తరఫున విచారణ అధికారి. ఒకప్పుడు పోలీసు. ఆదివారం విశాఖపట్నంలో ఉన్నవాడు, కబురు అందగానే సాయంత్రం ఐదున్నరకల్లా చోడవరం వచ్చి గదులకి సీళ్ళు వేసేశాడు. పైడితల్లికి నలభై ఎనిమిదేళ్ళు. పుట్టింది రోలుగుంటలో. నేరపరిశోధనశాలలో పద్నాలుగేళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఆ ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకుంటోంది. ఈ కేసు ఆమెకి అప్పగించింది కంపెనీ కాదు. వరండా చివర బల్ల మీద కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్న దేముడమ్మ.

దేముడమ్మది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. ఆమె కూతురు గౌతమి ఇక్కడ పరిశోధన సహాయకురాలు. ఆమె పై అధికారి, ఆదివారం ఇక్కడే చనిపోయిన డాక్టర్ శ్యాంప్రసాద్ చావుకి కారకురాలని ఉదయ్‌కుమార్ రిపోర్టులో రాసింది ఆ గౌతమి పేరే.

పైడితల్లిని చూడగానే దేముడమ్మ లేచింది. "అమ్మా, మా గుంట అబద్ధమాడితే సెవులు ఎర్రబడిపోతాయి. సిన్నప్పట్నుంచీ అంతే. మూడు రోజులై సూస్తన్నాను. ఎర్రబడనేదు."

"సూస్తాను. నువ్విక్కడే కూకో దేముడమ్మా. భయపడకు."

లోపల పెద్దగదిలో గౌతమి ఒక కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఇరవయ్యారేళ్ళ పిల్ల. కళ్ళ కింద నల్లగా ఉంది కానీ ఏడవడం లేదు. పైడితల్లి ఎదురుగా కుర్చీ లాక్కుంది. ఉదయ్‌కుమార్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ముందు మీ లెక్క చెప్పండి ఉదయ్‌కుమార్ గారూ. క్లుప్తంగా," అంది పైడితల్లి.

"ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వాచ్‌మన్ కొండబాబు వచ్చి చూస్తే, ద్రవ నైట్రోజన్ ఉంచే చిన్నగదిలో డాక్టర్ గారు పడి ఉన్నారు. క్యాను ఖాళీ. నైట్రోజన్ అంతా నేల మీద పోసి ఉంది. అది ఆవిరై గదిలో గాలిని తరిమేస్తుంది. రంగు లేదు, వాసన లేదు. లోపలికి వెళ్ళిన మనిషికి ఊపిరి ఆడటం లేదని తెలిసేలోపే స్పృహ పోతుంది. గాలి బయటికి తోసే ఫ్యాను ఆపేసి ఉంది. ప్రమాదం వస్తే మోగాల్సిన అలారంలో బ్యాటరీ లేదు. ఆ అలారం చూసుకునే బాధ్యత ఈ అమ్మాయిది. పదకొండూ నలభైకి గేటు దాటింది. ఆ తరవాత లోపలికి ఎవరూ రాలేదు. సీనియర్ శాస్త్రవేత్త ఉమామహేష్ రోజంతా అనకాపల్లిలో ఉన్నారు."

"చావు ఎప్పుడు?"

"పదకొండున్నరకీ రెండుకీ మధ్య అన్నారు డాక్టర్లు. నేను ఇంకా దగ్గరగా చెప్పగలను. పన్నెండు లోపే. ఆయన నోట్సులో పదకొండూ నలభై ఐదు తరవాత ఒక్క అక్షరం లేదు. ప్రతి పావుగంటకీ రాసుకునే మనిషి."

పైడితల్లి గౌతమి వైపు తిరిగింది. "అలారం బ్యాటరీ నువ్వు తీసేవా?"

"లేదు మేడమ్. శుక్రవారం కొత్తది వేసేను. నొక్కి చూసేను కూడా. మోగింది."

"ఆదివారం ఎందుకొచ్చేవు?"

"సార్ రమ్మన్నారు. తొమ్మిదింటికి వచ్చేను. పదింటికి కణాలకి ఎరుపు రంగు ఇచ్చేం. మా పిన్ని మనవడికి అన్నప్రాసన ఉందని పదకొండూ నలభైకి వెళ్ళిపోయేను."

"నువ్వెళ్ళేసరికి ఆకుపచ్చ రంగు ఇచ్చేసేరా?"

"లేదు మేడమ్. ఒకటిన్నరకి ఇస్తానన్నారు."

ఉదయ్‌కుమార్ గోడ వదిలి ముందుకొచ్చాడు. చేతిలోని కవరుకి ఉన్న లక్క సీలు పైడితల్లికి చూపించి, దాన్ని విప్పి నల్ల అట్ట నోట్సు బల్ల మీద పెట్టాడు. "ఆదివారం సాయంత్రం నుంచీ నా బీరువాలోనే ఉంది. ఎవరికీ చూపించలేదు. చదవండి. ఎరుపు పది గంటలకి. ఆకుపచ్చ పదకొండున్నరకి. కణాలు ఆపింది పదకొండూ నలభై ఐదుకి. పదకొండున్నరకి ఈ అమ్మాయి ఆయన గదిలోనే ఉంది. పక్కనే ఉండి చూసిన పని జరగలేదంటోంది. ఎందుకంటే ఆయన మధ్యాహ్నం దాకా బతికే ఉన్నాడని మనల్ని నమ్మించాలి కదా."

గౌతమి తల ఎత్తి, "ఇవ్వలేదు సార్," అంది. అంతే.

పైడితల్లి ఆ పిల్ల చెవుల వైపు చూడకుండా ఉండలేకపోయింది. మామూలుగానే ఉన్నాయి. అయితే చెవులు కోర్టులో పనికిరావు.

"ఈ రంగుల సంగతి నాకు కొంచెం తెలుసు. కానీ ఉదయ్‌కుమార్ గారికి అర్థమయ్యేటట్టు నువ్వు సెప్పు," అంది.

గౌతమి ఉదయ్‌కుమార్ వైపు తిరిగింది. "పశువుల డాక్టర్లు గేదె చెవికి బిళ్ళ కొడతారు కదా సార్. మందలో ఎక్కడున్నా మన గేదె తెలిసిపోద్ది. కణంలో వేల రకాల ప్రోటీన్లు తిరుగుతా ఉంటాయి. మాకు కావలసినది ఒక్కటే. దాని చివర ఇంకో చిన్న ప్రోటీన్ ముక్క అతికిస్తాం. అదే ట్యాగ్. కణమే మా ప్రోటీన్ని ఆ ముక్కతో కలిపి తయారుచేసుకుంటాది. మేం రంగు వేస్తే, ఆ రంగు ఆ ముక్కనే పట్టుకుంటాది. మైక్రోస్కోపులో మా ప్రోటీన్ ఎక్కడుంటే అక్కడ వెలుగుద్ది."

"ఒకసారి పట్టిన రంగు వదులుతుందా?" అడిగాడు ఉదయ్‌కుమార్.

"వదలదు సార్. కడిగినా పోదు. ఒక ట్యాగ్‌కి ఒక్కసారే. మళ్ళీ ఇంకో రంగు పట్టదు."

"అయితే ఎరుపు ఇచ్చాక ఆకుపచ్చ ఎందుకు?"

గౌతమికి ఏదో తట్టింది. పైడితల్లి వైపు చూసింది. పైడితల్లి అప్పటికే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆ పళ్ళెం ఎక్కడుంది గౌతమీ? ఆదివారం నాటిది?"

"ఆపేసిన కణాలు ఫ్రిజ్‌లో పెడతారు మేడమ్. ఫొటోలు సోమవారం తీద్దామనుకున్నాం."

*

డాక్టర్ గారి గది తలుపు సీలు ఉదయ్‌కుమారే విప్పాడు. గౌతమిని వరండాలో తల్లి పక్కన కూర్చోబెట్టారు.

పైడితల్లి గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు ఊరికే చూసింది. పని బల్ల. దాని పక్కన మైక్రోస్కోపు, కంప్యూటరు. కణాలు పెంచే వెచ్చని పెట్టె, దానికి అతికించిన ఉష్ణోగ్రత కాగితం. ఎడమ పక్క ఫ్రిజ్. వెనక ఆ చిన్నగది. చిన్నగదిలోకి వెళ్ళి ఫ్యాను స్విచ్చు, ఖాళీ అలారం పెట్టె చూసి వచ్చింది. అక్కడ మనుషులు చాలామంది తిరిగేశారు. నేల ఏమీ చెప్పదు.

బల్ల సొరుగులో అచ్చుకాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. ఉమామహేష్ పంపిన నివేదికలో పదిహేడో పేజీ. అందులో ఒక వాక్యం కింద పెన్సిల్ గీత. పక్కన డాక్టర్ గారి అక్షరాలు: "రంగు పట్టాక పూసని ఎలా పట్టింది?"

"ఇది చూశారా?"

"చూశాను. వాళ్ళ చదువు గొడవ. కేసుతో సంబంధం లేదు," అన్నాడు ఉదయ్‌కుమార్.

పైడితల్లి కాగితాన్ని సంచిలో పెట్టుకుంది. ఫ్రిజ్ తెరిచింది. పై అరలో మూతపెట్టిన చిన్న గాజు పళ్ళేలు ఐదు. నాలుగింటి మీద కిందటి బుధవారం తేదీ, 1, 2, 3, 4 అని అంకెలు. ఐదోదాని మీద ఆదివారం తేదీ.

"ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు," అంది. "పదింటికి ఎరుపు ఇచ్చేరు. అప్పటికి కణంలో ఉన్న ట్యాగులన్నీ ఎర్రబడిపోయేయి. మిగిలిన రంగు కడిగేసేరు. కణం బతికే ఉంది కదా, కొత్త ప్రోటీన్ చేస్తానే ఉంటాది. కొత్తదానికి రంగు లేదు. కొంతసేపయ్యాక ఆకుపచ్చ ఇస్తే, అది కొత్తవాటికే పట్టుద్ది. తరవాత మందు పోసి కణాలు ఆపేస్తారు. ఇక మార్పు ఉండదు. అంటే ఎరుపు పాతది, ఆకుపచ్చ కొత్తది. ఎంత ఎక్కువసేపు ఆగితే అంత ఎక్కువ ఆకుపచ్చ."

ఉదయ్‌కుమార్ ఆమె మొహంలోకి చూశాడు. "గడియారం అంటారు."

"అవును. ఈ నాలుగు పళ్ళేలూ ఆయన కిందటి వారం చేసుకున్నవి. ఒక గంట, రెండు, మూడు, నాలుగు గంటలు ఆగి చూసుకున్నవి. ఆదివారం పళ్ళేన్ని వీటితో పోల్చుదాం. మీ నోట్సు నిజమైతే పదికీ పదకొండున్నరకీ మధ్య గంటన్నర. ఆ పిల్ల చెప్పింది నిజమైతే మూడున్నర గంటలు."

"మీరు చూసి మీకు కావలసింది చెబుతారు. నేనెందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు. నాలుగు పళ్ళేల అంకెలు కనపడకుండా కాగితం అంటించండి. మీ ఇష్టమొచ్చిన వరసలో నాకివ్వండి. రంగులు లెక్కపెట్టేది కంప్యూటరు. మీట నొక్కేది మీరు."

ఉదయ్‌కుమార్ నిజంగానే అంటించాడు. వీపు తిప్పుకుని పళ్ళేలు కలిపాడు కూడా. పైడితల్లికి కోపం రాలేదు. తను అయినా అలాగే చేసేది.

మొదటి పళ్ళెం. కంప్యూటరు తెర మీద చెరకు కణాలు గుండ్రంగా, బొరుగుల్లా తేలాయి. ఎరుపు మధ్య సన్నగా ఆకుపచ్చ. ఉదయ్‌కుమార్ మీట నొక్కాడు. వందకి పదిహేడు పాళ్ళు ఆకుపచ్చ. రెండో పళ్ళెం, ముప్పై. మూడోది తొమ్మిది. నాలుగోది ఇరవై నాలుగు.

"రెండు గంటలు, నాలుగు, ఒకటి, మూడు. ఆ వరసలో ఇచ్చేరు," అంది పైడితల్లి.

ఉదయ్‌కుమార్ ఒక్కొక్క కాగితం పీకి చూశాడు. 2. 4. 1. 3. ఐదో పళ్ళేన్ని తనే తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. మీట నొక్కాడు.

ఇరవై ఏడు.

పళ్ళెంలో రెండో చోట, మూడో చోట కూడా చూశాడు. ఇరవై ఆరు. ఇరవై ఏడు.

"గంటన్నరే అయితే పదమూడు దగ్గర ఉండాలి," అంది పైడితల్లి. "ఇది మూడుకీ నాలుగుకీ మధ్య."

"ఎండకి కణాలు తొందరగా పనిచేసి ఉండొచ్చు."

"మంచి ప్రశ్న." ఆమె వెచ్చని పెట్టెకి అంటించిన ఉష్ణోగ్రత కాగితం దగ్గరికి వెళ్ళింది. ఆదివారం గీత వేలితో చూపించింది. రోజంతా ఇరవై ఆరు డిగ్రీల దగ్గర తిన్నగా ఉంది. ఒకటీ పది దగ్గర ఒక్కచోట మాత్రం చిన్న నొక్కు. "కరెంటు పోయి జనరేటర్ అందుకున్నప్పుడు పడ్డ నొక్కు ఇది. ఇంతే తేడా."

ఉదయ్‌కుమార్ నోట్సు మళ్ళీ తెరిచాడు. ఈసారి పైడితల్లి అడక్కముందే ఆమె సంచిలోని భూతద్దం తనే అందుకున్నాడు. డాక్టర్ గారు సమయాల్ని అడ్డగీతతో రాసేవాడు: 10-00. అంకె మొదలు ఎప్పుడూ అంచు గీతకి చిటికెన వేలంత దూరంలో ఉంటుంది. 11-30 దగ్గర, 11-45 దగ్గర మాత్రం మొదటి 1 అంచు గీతకి ఆనుకుని ఉంది. సిరా అదే. గీసిన చెయ్యి వేరు.

"1-30. 1-45," అన్నాడు ఉదయ్‌కుమార్ నెమ్మదిగా. "ఒకటీ నలభై ఐదు దాకా ఆయన ఈ బల్ల దగ్గరే ఉన్నాడు."

"ఆ టైముకి ఆ పిల్ల అన్నప్రాసనలో పంక్తిలో వడ్డిస్తోంది. నలభై మంది సాక్షులున్నారు. మీరు అడగలేదు."

"పన్నెండు లోపే అనుకున్నాక ఇంక అడగడం దేనికి?" అని, కాస్త ఆగి, "అడగాల్సింది," అన్నాడు.

*

కొండబాబుని పిలిచారు. యాభై దాటిన మనిషి. గేటు పుస్తకం చంకలో పెట్టుకొచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆదివారం గేటు దగ్గరే ఉన్నావా కొండబాబూ?"

"ఉన్నానమ్మా. గంట గంటకీ సంతకం ఎట్టేను. సూడండి."

పుస్తకంలో పన్నెండు, ఒకటి, రెండు, మూడు, అన్నిచోట్లా సంతకాలున్నాయి. పైడితల్లి వాటి వైపు చూడలేదు.

"జనరేటర్ నీ గది వెనకే కదా? మోగితే పుస్తకంలో రాస్తావా?"

"రాస్తానమ్మా. డీజిలు లెక్కకి రాయాల."

"ఆదివారం మోగిందా?"

"నేదమ్మా. ఆదివారం కరెంటు పోనేదు."

పైడితల్లి ఉష్ణోగ్రత కాగితం అతని ముందు పెట్టింది. "ఒకటీ పదికి పోయింది. జనరేటర్ దానంతటదే మోగింది. ఊళ్ళో సగం మంది వినుంటారు. నువ్వెందుకు వినలేదు?"

కొండబాబు ఆ కాగితం చదవలేదు. గోడ వైపు చూశాడు. తరవాత నేల మీద కూలబడి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నాను గేటు కాడ లేనమ్మా," అన్నాడు. "పన్నెండూ యాభైకి ఉమామహేష్ గారు పోను సేసేరు. ఇశాపట్నం బస్సులో పార్సిలు వస్తంది, బస్టాండుకి ఎల్లి దింపుకు రా అన్నారు. రెండున్నర దాకా నిలబడ్డాను. నాలుగు బస్సులొచ్చేయి. ఏ పార్సిలూ రానేదు. తిరిగొచ్చేక సూస్తే సారు..." గేటు పుస్తకం దూరంగా తోశాడు. "గేటు వదిలేసినట్టు తెలిస్తే నీ ఉద్యోగం పోద్ది, ఎవలికీ సెప్పకు అన్నారు. అందుకని సంతకాలు తరవాత ఎట్టేను. ఆ గుంట మీదకి తోసేస్తారని నాకు తెలీదమ్మా. తెలిసేక నిద్ర నేదు."

"ఫోను ఇయ్యి."

ఫోనులో ఆదివారం పన్నెండూ యాభై రెండుకి ఉమామహేష్ పేరుంది. ఉదయ్‌కుమార్ దాన్ని కవరులో వేసి, పైన సంతకం చేశాడు. పదకొండు గంటలు కావస్తోంది.

"అనకాపల్లి నుంచి కూడా ఫోను చెయ్యొచ్చు," అన్నాడు. వాదించడానికి కాదు, ముడి ఎక్కడుందో చూపించడానికి.

"చెయ్యొచ్చు. ఆయన్ని పిలవండి. నోట్సు మాత్రం కవరులో పెట్టేయండి."

*

ఉమామహేష్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నలభై లోపు వయసు. తెల్లకోటు మీద ఒక్క మరక లేదు. చెరకుకి వచ్చే ఎర్రకుళ్ళు తెగులుని తట్టుకునే కొత్త రకాన్ని తయారుచేశానని రెండేళ్ళుగా పేరు పొందినవాడు.

"మీరు చేసిన పని నాకు సెప్పండి," అంది పైడితల్లి. "మైక్రోస్కోపు పనా?"

"మైక్రోస్కోపు శ్యాంప్రసాద్ గారిది. నాది పూసల పని," అన్నాడు ఉమామహేష్. "కణాల్ని చితక్కొట్టి, ఆ రసంలో ఆవగింజలో వెయ్యోవంతు ఉండే పూసలు వేస్తాం. ట్యాగ్ వెళ్ళి పూసని పట్టుకుంటుంది. అయస్కాంతం పెట్టి పూసల్ని లాగితే మా ప్రోటీన్ వస్తుంది. దాన్ని అంటిపెట్టుకున్న ప్రోటీన్ ఏదైనా ఉంటే అదీ వస్తుంది. అలా తెగులు వదిలే విషపు ప్రోటీన్ని మా చెరకు ప్రోటీన్ పట్టి బంధిస్తోందని రుజువు చేశాను."

"రంగు పట్టే ట్యాగూ, పూసని పట్టే ట్యాగూ ఒకటేనా?"

"ఒకటే. అదే దీని గొప్ప."

"పాపం, ఆదివారం ఆయన పని సగంలో ఆగిపోయింది. కణాలు ఎప్పుడు ఆపేరో ఏటో..."

"పదకొండూ నలభై ఐదుకే ఆపేశారు కదండీ. ఆ తరవాతే..."

"ఎవరు చెప్పారు?" ఈ మాట అడిగింది ఉదయ్‌కుమార్.

"నోట్సులో ఉంది కదా."

"నోట్సు ఆదివారం సాయంత్రం నుంచి నా బీరువాలో ఉంది. ఈ ఉదయం దాకా సీలు విప్పలేదు. మీరు నా తరవాత ఏడింటికి వచ్చారు. ఎప్పుడు చూశారు?"

ఉమామహేష్ కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "గౌతమి చెప్పిందేమో."

"గౌతమి ఒకటిన్నర అని చెబుతోంది. మూడు రోజులుగా అదే చెబుతోంది."

పైడితల్లి సంచిలోంచి అచ్చుకాగితం తీసి అతని ముందు విప్పింది. "మీ నివేదిక. నిండా రంగు పట్టించిన కణాలనే తరవాత చితక్కొట్టి పూసలతో పట్టేనని రాసేరు. రంగు పట్టిన ట్యాగ్‌లో ఇంక చోటుండదు. పూసని పట్టలేదు. అలా జరగడానికి వీల్లేదు ఉమామహేష్ గారూ. చెయ్యని పనిని చేసినట్టు రాసేటప్పుడు ఒక్కటి మర్చిపోయేరు. ఆయన పెన్సిలు గీత అక్కడే ఆగింది."

ఉమామహేష్ తన చేతుల వైపు చూసుకుంటూ మాట్లాడాడు. ఇప్పుడు అతని గొంతులో అనకాపల్లి వైపు యాస వచ్చేసింది.

"శనివారం నన్ను పిలిచేరు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. రంగు ఇవ్వని కణాలతో తనే పూసల పని మళ్ళీ చేసేనన్నారు. మా ప్రోటీన్ ఒక్కటే వచ్చింది. విషపు ప్రోటీన్ రాలేదు. అది దేన్నీ పట్టుకోడం లేదు ఉమా, అన్నారు. ఆదివారం కణాల్లో ఇంకోసారి చూసి, సోమవారం అందరికీ చెప్పేస్తానన్నారు. వెనక వైపు చెరకు మళ్ళలోంచి వచ్చేను. ఆయన గది దాటి బాత్రూమ్‌కి వెళ్ళినప్పుడు... చిన్నగదిలో..." చేత్తో క్యాను ఒంపినట్టు చూపించాడు. "క్యానులో మట్టం తగ్గిపోయిందని చెప్పేను. చూస్తానని వెళ్ళేరు. రెండు అడుగులు వేసేరు. అంతే. ఒక్క మాట కూడా అనలేదు. ఆయన పడిపోయేక నోట్సు చూసేను. రెండు గీతలు గీస్తే చాలనిపించింది. ఆ పళ్ళెం సంగతి... ఫొటోలు తియ్యలేదు కదా, దాన్ని ఎవరు చూస్తారనుకున్నాను. నేనెప్పుడూ మైక్రోస్కోపులో కన్ను పెట్టలేదు."

ఉదయ్‌కుమార్ ఫోను తీసి పోలీసులకి రెండే వాక్యాల్లో చెప్పాడు. తన పాత రిపోర్టుని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు. పదకొండూ ఇరవై. వరండాలోకి తొంగిచూసి, "గౌతమీ, లోపలికి రామ్మా. మీ అమ్మగారిని కూడా తీసుకురా," అన్నాడు. ఆ 'అమ్మా' అతని నోట్లోంచి ఇబ్బందిగానే వచ్చింది, కానీ వచ్చింది.

గౌతమి గుమ్మంలో నిలబడి ఉమామహేష్‌ని చూసింది. విషయం అర్థమైపోయింది. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, మూడు రోజుల్లో మొదటిసారి.

పైడితల్లి మాత్రం కుర్చీ వదలలేదు. ఆమెకి ఒక మాట ఇంకా అతకలేదు.

"సోమవారం అందరికీ చెప్పేస్తానన్నారు. అంత తొందరేటి? ఒక వారం ఆగితే ఏమయ్యేది?"

ఉమామహేష్ అచ్చుకాగితాన్ని పాత మడతల మీదే మడిచాడు.

"సోమవారం ఇక్కడ ఏం జరగాల?"

"విత్తనం పంపకం," అన్నాడు చివరికి. "కొత్త రకం చెరకు నాటడానికి కోసిన విత్తనపు ముక్కలు. రోలుగుంట, బుచ్చయ్యపేట మండలాల్లో ముప్పై ఒక్కమంది రైతులకి. సార్ ఆపించేద్దామనుకున్నారు."

"ఆపేరా?"

"సోమ, మంగళవారాలు ట్రాక్టర్లు వెళ్ళిపోయేయి."

"తెగులు తట్టుకోదు, అంతే కదా? మామూలు చెరకులాగే పండుద్ది."

ఉమామహేష్ తల అడ్డంగా ఊపాడు. "ఆ ముక్కలు కోసింది తెగులు ఎక్కించి పరీక్ష చేసిన మళ్ళలోంచి. దానికి తెగులు పట్టదని రాసేను కదా, అందుకని అక్కడే కోయించేరు. శనివారం సార్ ఒక చెరకు గెడ నిలువునా చీల్చి చూపించేరు. లోపలంతా ఎర్రగా ఉంది. మధ్యలో తెల్ల మచ్చలు. పులిసిన వాసన."

గౌతమి ఏడుపు ఆగిపోయింది. ఆ ఎరుపు అంటే ఏమిటో ఆ గదిలో ఆమెకే బాగా తెలుసు. ఒక్క మడిలో మొదలైతే నీళ్ళతో పాటు కదులుతుంది. పంట చేతికొచ్చే వేళకి గెడలు నిలబడే ఎండిపోతాయి.

ఉదయ్‌కుమార్ అప్పటికే రైతుల జాబితా అడుగుతున్నాడు. అతని వెనక నుంచి దేముడమ్మ ముందుకొచ్చింది.

"ఏ ముక్కలు బాబూ? కట్టలకి నీలం సీటీలు కట్టినయ్యేనా?"

ఉమామహేష్ ఆమె మొహం చూడకుండా అవునన్నాడు.

"నిన్న సాయంత్రం దింపేరు," అంది దేముడమ్మ పైడితల్లితో. "కూలోలు ముందే మాటాడుకున్నోళ్ళు. గుంట పని నాను సూస్తాను, నువ్వు సేను సూసుకో అని మా ఆయన్ని వదిలొచ్చేను. పొద్దున్న ఆరింటికే దిగేరు."

గౌతమి తండ్రికి ఫోను చేసింది. మోగుతోంది కానీ ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది.

"ఫోను గట్టు మీద సొక్కాలో ఉంటాదే," అంది దేముడమ్మ. "నాటడం అయిపోతే నీరు కట్టేస్తాడు." ఆమె గోడగడియారం వైపు చూసింది. పదకొండూ ముప్పై ఐదు. "ఈపాటికి కట్టేసుంటాడు. మాది కాలవ తలకాడ సేనమ్మా. మా మడి నిండేక ఆ నీరే కిందోళ్ళందరికీ పారద్ది."

ఉదయ్‌కుమార్ కారు తాళాలు బల్ల మీంచి లాక్కున్నాడు. పైడితల్లి చెప్పులు తొడుక్కోకుండానే మెట్లు దిగింది.